ఉడుకునీళ్లలో మాత్ర కరిగిస్తే బిన్నా పనిచేస్తుందా? సిరప్ సీసాని ఎందుకు ఊపాలి?

ఈ ఎపిసోడ్ టాపిక్ నేను ఎంచుకున్నది కాదు. మా అవ్వ ఇచ్చింది.

జనవరిలో మదనపల్లెకి వెళ్లినప్పుడు నాకు జ్వరం తగులుకుంది. మదనపల్లె చలి సంగతి ఆ ఊరోళ్లకి చెప్పక్కర్లేదు. సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉండే ఊరు, పొద్దున్నే బాటిల్లో నీళ్లు ఫ్రిజ్‌లోంచి తీసినట్టే ఉంటాయి. ఆ నీళ్లతోనే డోలో 650 మింగబోతుంటే అవ్వ ఆపింది.

"సల్లనీళ్లతో మింగితే మాత్ర కడుపులో అట్నే కూచుంటుంది నాయనా. ఉడుకునీళ్లలో కరిగించుకోని తాగు, బిన్నా దిగుతుంది జరం" అనింది.

నేను బీటెక్ చదివినోణ్ణి, నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినోణ్ణి. సహజంగానే "అదేం లేదవ్వా, చల్లనీళ్లైనా వేడినీళ్లైనా ఒకటే" అనేశాను. అనేశాక ఆలోచిస్తే, అది నాకు తెలిసి చెప్పిన మాట కాదు. ఊరికే వాదించాను, అంతే. జ్వరం తగ్గాక కూర్చుని లెక్కలు చూశాను. అవ్వ చెప్పిందాంట్లో సగం కరెక్ట్. నేను చెప్పిందాంట్లో కూడా సగం కరెక్ట్. అయితే ఈ లెక్క వెంటపడి వెళ్తే అది నేరుగా పసిపిల్లల సిరప్ సీసా దగ్గరికి తీసుకెళ్లింది. అందుకే ఈ వీడియో. చిన్నపిల్లలున్న ఇంట్లో ఎవరికైనా ఇది చూపించండి.

ముందు గ్లాసులో ఏం జరుగుతుందో చూద్దాం

రెండు గ్లాసులు తీసుకున్నాను. ఒకదాంట్లో ఫ్రిజ్ నీళ్లు, ఇంకోదాంట్లో చెయ్యి పెట్టలేనంత వేడినీళ్లు. రెండింట్లోనూ ఒక్కో మాత్ర వేశాను. వేడినీళ్లలో మాత్ర త్వరగా విడిపోయింది. చల్లనీళ్లలో దానికన్నా బాగా ఆలస్యమైంది. ఇంతవరకు అవ్వ గెలిచింది.

కానీ ఇక్కడ రెండు విషయాలు కలిసిపోతున్నాయి. ఒకటి ఎంత స్పీడ్‌గా కరుగుతుంది అనేది. రెండోది మొత్తం మీద ఎంత కరగగలదు అనేది. టీలో చక్కెర వేసి కలిపితే వెంటనే కరిగిపోతుంది, చల్లనీళ్లలో వేస్తే చాలాసేపు తిప్పాలి. అది స్పీడ్. అదే గ్లాసులో చక్కెర వేస్తూనే పోతే ఒక దశలో ఇంక కరగదు, అడుగున మిగిలిపోతుంది. అది కెపాసిటీ. ఈ కెపాసిటీనే ద్రావణీయత అంటారు. స్కూల్ పుస్తకంలో చదివే ఉంటారు.

పారాసెటమాల్‌కి ఈ కెపాసిటీని కొలిచిన లెక్కలున్నాయి. ఒక కిలో నీళ్లలో, అంటే దాదాపు ఒక లీటరులో, సున్నా డిగ్రీల దగ్గర 7 గ్రాములకి కొంచెం పైన కరుగుతుంది. 10 డిగ్రీల దగ్గర 9 గ్రాముల పైన. 20 డిగ్రీల దగ్గర దాదాపు 13. 30 డిగ్రీల దగ్గర 17 దాటుతుంది. అంటే ఐస్ నీళ్ల నుంచి మామూలు ఎండాకాలం నీళ్లకి వచ్చేసరికే రెండింతలు దాటిపోయింది. ఇక మరిగే నీళ్లలో అయితే 20 భాగాల నీళ్లకి ఒక భాగం, అంటే లీటరుకి 50 గ్రాముల దాకా కరుగుతుంది.

వేడి పెరిగితే ఎందుకు ఎక్కువ కరుగుతుంది? పారాసెటమాల్ పొడి అంటే చిన్నచిన్న స్ఫటికాలు. వాటిలో అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. ఆ పట్టు విడిపించడానికి శక్తి కావాలి. వేడినీళ్లు ఆ శక్తి ఇస్తాయి. అలాగని ప్రతి పదార్థమూ ఇలాగే ఉండదు. గోడకి వేసే సున్నం రివర్స్, నీళ్లు వేడెక్కే కొద్దీ తక్కువ కరుగుతుంది.

ఇప్పుడు మన మాత్ర లెక్క వేద్దాం. మాత్రలో ఉన్నది 650 మిల్లీగ్రాములు. 25 డిగ్రీల నీళ్లలో ఒక ఎంఎల్‌కి దాదాపు 15 మిల్లీగ్రాములు కరుగుతుంది. అంటే 650కి 45 ఎంఎల్ నీళ్లు చాలు. ఐస్ నీళ్లైనా 90 ఎంఎల్ సరిపోతుంది. మన గ్లాసులో 200 ఎంఎల్ ఉంటాయి. అంటే చల్లటి గ్లాసులో కూడా మందు మొత్తం కరగడానికి చోటు ఉంది, కాస్త టైమ్ పడుతుంది అంతే.

"మరి రెండు గ్లాసుల్లోనూ అడుగున తెల్లగా మిగిలింది కదా?" అని మా తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్న. టైమ్ ఇచ్చి బాగా కలిపితే ఆ మిగిలేదాంట్లో ఎక్కువ భాగం మందు కాదు. మాత్రని గట్టిగా పట్టి ఉంచడానికి, మెషిన్‌కి అతుక్కోకుండా ఉండటానికి స్టార్చ్, టాల్క్, మెగ్నీషియం స్టియరేట్ లాంటివి కలుపుతారు. అవి నీళ్లలో కరిగేవి కావు.

మరి కడుపులో?

అవ్వ మాటలో తప్పిన సగం ఇక్కడుంది. మన ఒంట్లో లోపల వేడి ఎప్పుడూ 37 డిగ్రీల చుట్టే ఉంటుంది. చల్లనీళ్లు తాగినా కాసేపటికి ఆ వేడికి వచ్చేస్తాయి. వేడినీళ్లు తాగినా చల్లారి అక్కడికే వస్తాయి. మాత్ర "అట్నే కూచోదు".

మాత్రని ముందే కరిగించి తాగితే అది విడిపోయే టైమ్ కలిసొస్తుంది, కొంచెం ముందుగా పని మొదలుకావచ్చు. బలం మాత్రం పెరగదు. 650 అంటే 650యే. ఇంకో సంగతి, పారాసెటమాల్ రక్తంలోకి ఎక్కేది ఎక్కువగా చిన్నపేగులో. కడుపు నిండా తిని వేసుకుంటే అది కడుపు దాటి పేగులోకి వెళ్లడానికే ఆలస్యమవుతుంది. చాలాసార్లు నీళ్ల వేడి కంటే ఈ తేడానే పెద్దది.

ఇంకా ముఖ్యమైన మాట. ఈ వేడినీళ్ల చిట్కా అన్ని నొప్పి మాత్రలకీ పెట్టకండి.

ఆస్పిరిన్ తీసుకోండి. వేడినీళ్లలో అది ఎక్కువే కరుగుతుంది, కానీ విరిగిపోతుంది కూడా. శాలిసిలిక్ ఆమ్లం, అసిటిక్ ఆమ్లంగా విడిపోతుంది. పాత ఆస్పిరిన్ డబ్బా మూత తీస్తే వెనిగర్ వాసన వచ్చేది అందుకే.

ఐబుప్రొఫెన్ ఇంకో రకం. 25 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో 21 మిల్లీగ్రాములే కరుగుతుంది. ఒక్క 400 మిల్లీగ్రాముల మాత్ర పూర్తిగా కరగాలంటే దాదాపు 19 లీటర్ల నీళ్లు కావాలి. వాటర్ క్యాన్ అంత! అయినా ఒంట్లో పనిచేస్తుంది, ఎందుకంటే పేగులో ఆమ్లత్వం తగ్గిపోతుంది, అక్కడ అది బాగా కరుగుతుంది. ఇక్కడ పని చేసేది వేడి కాదు, ఆమ్లం-క్షారం తేడా.

మూడోది, స్ట్రిప్ మీద ఎస్ఆర్, సీఆర్, ఎంటరిక్ కోటెడ్ అని ఉన్న మాత్రల్ని కరిగించకూడదు, నూరకూడదు, విరవకూడదు. గంటల తరబడి మెల్లగా వదలాల్సిన మందు ఒక్కసారిగా వచ్చేస్తుంది.

వానాకాలం జ్వరాలకి ఇంకో మాట. డెంగీ అనుమానం ఉన్నప్పుడు ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ జోలికి పోవద్దు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. పిల్లలకి జ్వరానికి ఆస్పిరిన్ అసలు ఇవ్వకూడదు.

పుంగనూరులో అక్క సీసా

ఇదంతా చదివాక, పుంగనూరులో ఉండే మా అక్కకి ఫోన్‌లో గొప్పలు చెప్తున్నా. అక్క మధ్యలో ఆపి అడిగింది. "ఒరే, పాపకి జ్వరం సిరప్ పోస్తే మొదట్లో పనిచేయలేదు, సీసా అయిపోయేటప్పుడు చిక్కగా పాయసం మాదిరి వచ్చింది. మందు చెడిపోయిందంటావా?"

"సీసా ఊపినావా అక్కా?"

"ఊపాల్నా? ఫ్రిజ్‌లో పెట్టినా, తీసినా, పోసినా."

అప్పుడు నాకు లెక్క గుర్తొచ్చింది. పిల్లల సిరప్‌లో రెండు బలాలు ఎక్కువగా దొరుకుతాయి. 5 ఎంఎల్‌లో 125 మిల్లీగ్రాములది ఒకటి, 5 ఎంఎల్‌లో 250ది ఇంకొకటి. 250ది అంటే ఒక ఎంఎల్‌కి 50 మిల్లీగ్రాములు. మనం ఇందాక ఏం చెప్పుకున్నాం? 25 డిగ్రీల నీళ్లు ఎంఎల్‌కి 15 మాత్రమే పట్టుకోగలవు. మరి 50 ఎట్లా పట్టించారు?

మరిగే నీళ్లలో అయితే సరిగ్గా 50 కరుగుతుంది. కానీ ఆ సీసా చల్లారి మెడికల్ షాపుకి వచ్చేసరికి మందు స్ఫటికాలుగా విడిపోయి కింద పడిపోతుంది. చలికాలంలో తేనె సీసాలో గడ్డలు కట్టినట్టు. ఫ్యాక్టరీల్లో పారాసెటమాల్‌ని శుభ్రం చెయ్యడానికి ఇదే గుణాన్ని వాడుకుంటారు, వేడి నీళ్లలో కరిగించి, వడగట్టి, చల్లారిస్తే శుభ్రమైన స్ఫటికాలు వస్తాయి. ప్రపంచంలోనే పెద్ద పారాసెటమాల్ తయారీదారుల్లో ఒకటైన గ్రాన్యూల్స్ ఇండియా మన హైదరాబాద్ కంపెనీయే, సంగారెడ్డి జిల్లా బొంతపల్లిలో ప్లాంట్ ఉంది. ఫ్యాక్టరీకి మేలు చేసే ఈ గుణమే సిరప్ సీసాకి సమస్య.

దానికి రెండు దారులు కనిపెట్టారు.

మొదటి దారి, కరిగించడం మానేయడం. మందుని మెత్తటి పొడి చేసి, చిక్కదనం ఇచ్చే గమ్ లాంటివి కలిపి, ద్రవంలో తేలేట్టు చేస్తారు. దీన్ని సస్పెన్షన్ అంటారు. అక్క సీసా మీద ఆ మాట ఉంది, కింద "వాడే ముందు బాగా ఊపండి" అని కూడా ఇంగ్లీషులో ఉంది. ఎవరూ చదవలేదు.

ఊపకపోతే ఏమవుతుందో ఒక ముతక లెక్క. 60 ఎంఎల్ సీసాలో మొత్తం మందు 3,000 మిల్లీగ్రాములు. నీళ్లలో నిజంగా కరిగి ఉండగలిగేది 900 చుట్టూ. మిగతా 2,100 పొడిగానే ఉంటుంది. ఆ పొడి పూర్తిగా అడుక్కి చేరితే, పైనుంచి పోసిన 5 ఎంఎల్‌లో 250 బదులు 75 వస్తుంది. ఆ దిగిన మందంతా చివరి చెంచాల్లో కలిసి వస్తుంది. మంచి సస్పెన్షన్ ఇంత దారుణంగా విడిపోదు, మెల్లగా దిగుతుంది. కానీ రోజుల తరబడి కదలకుండా ఉంచిన సీసా దారి అటువైపే. మొదట్లో జ్వరం దిగకపోవడం, చివర్లో పాయసంలా రావడం, రెండూ ఒకే కథ. భయపడాల్సింది మొదటి చెంచాకి కాదు, చివరి చెంచాకి.

ఫ్రిజ్ సంగతి కూడా తేలిపోయింది. 5 డిగ్రీల దగ్గర నీళ్లు పట్టుకునేది ఎంఎల్‌కి 8 మిల్లీగ్రాములే. కరిగిన కాస్తా ఇంకా తగ్గుతుంది. లేబుల్ మీద ఫ్రిజ్‌లో పెట్టమని ఉంటేనే పెట్టండి. నీళ్లు కలిపి తయారుచేసుకునే కొన్ని యాంటీబయాటిక్ సిరప్‌లకి ఫ్రిజ్ కావాలి, వాటిలో కూడా కాచి పూర్తిగా చల్లార్చిన నీళ్లే పోయాలి, వేడివి కాదు.

రెండో దారి, అక్కడే ప్రాణాలు పోయింది

రెండో దారి ఏంటంటే, నీళ్లు పట్టుకోలేని మందుని పట్టుకోవడానికి ఇంకో ద్రవం కలపడం. ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, సార్బిటాల్ లాంటివి. పారదర్శకంగా, తియ్యగా ఉండే సిరప్‌లలో ఇవే ఉంటాయి. మందుల తయారీకి వాడే శుభ్రమైన గ్రేడ్ అయితే, తగిన మోతాదులో ఏ సమస్యా లేదు.

సమస్య ఎక్కడంటే, చూడ్డానికి అచ్చం ఇలాగే ఉండే ఇంకో ద్రవం ఉంది, డైఇథిలీన్ గ్లైకాల్. రంగు లేదు, తియ్యగా ఉంటుంది, పరిశ్రమల్లో వాడతారు. ఒంట్లోకి వెళ్తే కిడ్నీలు పాడైపోతాయి.

1937లో అమెరికాలో సల్ఫానిలమైడ్ అనే మందుని ద్రవంగా అమ్మాలనుకున్నారు. అది నీళ్లలో సరిగ్గా కరగలేదు. కంపెనీ కెమిస్ట్ డైఇథిలీన్ గ్లైకాల్‌లో వేస్తే చక్కగా కరిగింది. రుచి, వాసన చూశారు గానీ విషమా కాదా అని చూడలేదు. వందమందికి పైగా చనిపోయారు, వాళ్లలో పిల్లలూ ఉన్నారు. ఆ దెబ్బకే 1938లో అక్కడ కొత్త మందుల చట్టం వచ్చింది. మొత్తం మొదలైంది "నీళ్లలో కరగట్లేదు" అనే ఒక్క ఇబ్బంది నుంచి.

అక్కడితో ఆగలేదు. 1990 తర్వాత బంగ్లాదేశ్‌లో, 1996లో హైతీలో పిల్లలు చనిపోయింది పారాసెటమాల్ సిరప్‌తోనే. 2022లో గాంబియా. మన దేశంలో 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా. అక్కడ 20 మందికి పైగా చిన్నారులు చనిపోయారు. వాళ్లలో చాలామందికి పట్టింది కోల్డ్రిఫ్ అనే సిరప్, తమిళనాడు కాంచీపురంలో తయారైంది. అందులో పారాసెటమాల్‌తో పాటు జలుబు మందులు రెండు ఉన్నాయి. తమిళనాడు ప్రభుత్వ ల్యాబ్ పరీక్షలో డైఇథిలీన్ గ్లైకాల్ 48.6 శాతం తేలింది. ఉండొచ్చని అనుమతించే పరిమితి 0.1 శాతం.

మన ఇంట్లో కూర్చుని సీసాలో ఏముందో కనిపెట్టలేం. రుచితో తెలీదు, వాసనతో తెలీదు. అది చూడాల్సింది కంపెనీ, డ్రగ్ కంట్రోల్ వాళ్లు. కానీ మన చేతుల్లో ఉన్నవి కొన్ని ఉన్నాయి. రెండేళ్ల లోపు పిల్లలకి దగ్గు, జలుబు సిరప్‌లు వాడొద్దని, అయిదేళ్ల లోపు వాళ్లకి కూడా మామూలుగా సిఫారసు చెయ్యమని 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆరోగ్య శాఖే చెప్పింది. మామూలు జ్వరానికి డాక్టర్ రాసిన ఒక్క పారాసెటమాల్ సరిపోతుంటే, మూడు మందులు కలిపిన సీసా ఎందుకు? బిల్లు తీసుకోండి, సీసా, అట్టపెట్టె పారేయకండి, బ్యాచ్ నంబర్ దానిమీదే ఉంటుంది. ఏ సిరప్ అయినా పట్టాక బిడ్డ ఒంటికి పోవడం తగ్గినా, ఆగినా, వాంతులు మొదలైనా పొద్దున దాకా చూడకండి. సీసాతో సహా ఆస్పత్రికి పోండి.

కుప్పంలో రాత్రి 11 గంటలకి

ఈ స్క్రిప్ట్ రాస్తుండగా కుప్పం నుంచి ఇంజినీరింగ్ ఫ్రెండ్ ఫోన్ చేశాడు. ఆరు నెలల బాబు, 7 కిలోలు, ఒళ్లు కాలిపోతోంది. "రేయ్, అత్తమ్మ చెంచాతో పోస్తా ఉంది, 5 ఎంఎల్ కరెక్టేనా?"

"సీసా మీద ఏముందో చదువు."

"చిన్న సీసా రా. 1 ఎంఎల్‌కి 100 ఎంజీ అని ఉంది."

అది సిరప్ కాదు, డ్రాప్స్. పసిపిల్లలకి తక్కువ ద్రవంలో ఎక్కువ మందు పట్టించడానికి చేసింది. మామూలు నీళ్లు పట్టుకోగలిగే దానికి దాదాపు ఏడింతల మందు అందులో కుక్కి ఉంది. పిల్లలకి పారాసెటమాల్ ఒక డోసు కిలో బరువుకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు. 7 కిలోలకి 70 నుంచి 105. అంటే దాదాపు ఒక ఎంఎల్ దాకానే. ఆ చెంచాడు పోసుంటే 500 మిల్లీగ్రాములు, అయిదింతలు.

"పొయ్యొద్దు, ఆపు" అన్నాను. వాళ్లు డాక్టర్‌కి ఫోన్ చేసి, డబ్బాలో ఉన్న డ్రాపర్‌తోనే కొలిచి ఇచ్చారు. బాబు బాగున్నాడు. వాళ్లత్తమ్మ తప్పు కూడా కాదు, పెద్దపిల్లకి ఎప్పుడూ చెంచాతోనే పోసింది, అప్పుడది సిరప్.

పారాసెటమాల్ ఎక్కువైతే దెబ్బ తినేది లివర్. మొదటి 24 గంటలు బిడ్డ మామూలుగానే కనిపించొచ్చు, అదే మోసం. విరుగుడు మందు ఉంది, ఎసిటైల్‌సిస్టీన్ అంటారు, ఎంత త్వరగా ఇస్తే అంత బాగా కాపాడుతుంది. కాబట్టి ఎక్కువ పోశామని తెలిస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే ఆస్పత్రికి. మూడు నెలల లోపు పసికందుకి జ్వరం వస్తే ముందే డాక్టర్‌కి చూపించాలి, మందు మనమే పట్టించకూడదు.

చివరిగా, ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఒకటి, సీసా మీద ఎంఎల్‌కి ఎన్ని ఎంజీ అనేది చదవండి, డ్రాప్స్ వేరు, 125 వేరు, 250 వేరు. రెండు, బాగా ఊపండి. మూడు, వంటింటి చెంచా కాదు, సీసాతో వచ్చిన కప్పు, డ్రాపర్ లేదా సిరంజితో కొలవండి. నాలుగు, డోసుకి డోసుకి మధ్య కనీసం నాలుగు గంటలు, రోజుకి నాలుగు డోసులు దాటకూడదు. అయిదు, ఇంకో జలుబు మందులో కూడా పారాసెటమాల్ ఉందేమో చూడండి.

అవ్వకి ఇదంతా చెప్పాను. మొత్తం విని, "అయితే ఉడుకునీళ్లు తప్పు కాదు గదా" అనింది. కాదవ్వా, నీకు గొంతుకి హాయిగా ఉంటే తాగు. మందు బలం మాత్రం నీళ్లలో లేదు, లేబుల్ మీద రాసుంది.

ఈ వారం మీ ఇంట్లో ఉన్న సిరప్ సీసా ఒకసారి బయటికి తీసి లేబుల్ చదవండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను ఫ్రెండ్స్.